మైనస్ ఏడున్నర

బందరు కోనేరు సెంటర్లో నాకో కళ్ళజోళ్ళ షాపు ఉంది. పేరు యుగంధర్, వయసు ఇరవై ఏడు. కళ్ళు పరీక్ష చేసే చదువు చదివాను కాబట్టి బుర్ర ఉన్నవాణ్ణేనని ఊళ్ళో ఓ నమ్మకం ఉండేది. 2004 శ్రావణమాసంలో ఆ నమ్మకం కాస్తా పోయింది.

చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే దుర్గారావుగారి అమ్మాయి రుక్మిణి తన జోడు రిపేరుకిచ్చింది. "శుక్రవారం నేనే ఇంటికి తెచ్చిస్తానండీ" అన్నాను. ఆ పిల్లని ఇంకోసారి చూడొచ్చని నా ఆశ. వెళ్ళాను. వాకిట్లో అన్ని చెప్పులు కనబడ్డా నాకు వెలగలేదు. తిన్నగా హాల్లోకి దూరి, "రుక్మిణిగారూ, మీ మైనస్ ఏడున్నర జోడు రెడీ అండీ!" అని కేకేశాను.

హాల్లో పెళ్ళిచూపులు జరుగుతున్నాయి.

గుడివాడ నుంచి వచ్చిన పెళ్ళికొడుకు తల్లి లక్ష్మీకాంతమ్మగారి చేతిలో మైసూర్ బజ్జీ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పట్టుచీరలో, జోడు లేకుండా కూర్చున్న రుక్మిణి పెళ్ళికొడుకనుకుని కిటికీ కర్టెన్‌ని చూసి సిగ్గుపడుతోంది. నేను జోడు బల్లమీద పెట్టి, వెనక్కి వెనక్కి నడిచి పారిపోయాను.

మర్నాడు పొద్దున్నే వానలో తడుసుకుంటూ రుక్మిణి షాపుకొచ్చింది.

"మీకేమన్నా బుద్ధుందా అండీ?"

తిట్టేటప్పుడు కూడా 'అండీ' మానదు మా బందరు పిల్ల.

"నిన్నటిదాకా ఉందనే అనుకున్నానండీ."

"నవ్వకండి! వాళ్ళేమన్నారో తెలుసా? లేజర్ ఆపరేషన్ చేయించుకుని జోడు తీసేస్తేనే సంబంధం ఖాయమట. లేకపోతే లేదట."

"ఇంతకీ అబ్బాయి ఎలా ఉన్నాడేంటి?"

"నాకేం తెలుసు? నీలం చొక్కా వేసుకున్న మసక." తడిసిన అద్దాలు కొంగుతో తుడుచుకుంది. "చెడగొట్టింది మీరే. కాబట్టి మీరే చెప్పండి. నా కళ్ళకి లేజర్ పడుతుందా, పడదా?"

ఒక్క అబద్ధం చాలు. 'మీకు పడదండీ' అన్నానంటే గుడివాడ సంబంధం గుడివాడలోనే ఉండిపోతుంది. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ కళ్ళ విషయంలో అబద్ధమాడితే నాకు అన్నం అరగదు.

కుర్చీలో కూర్చోబెట్టి జోడు తీశాను. టార్చిలైటు పట్టుకుని జానెడు దూరం నుంచి ఆమె కళ్ళల్లోకి చూడాలి. డ్యూటీ కదా, ఏం చేస్తాం! ఆమె రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది.

"ఏంటండీ, అలా చూస్తున్నారు?"

"చూడమన్నది మీరేగా!"

టార్చి ఆర్పేశాను. "మూడేళ్ళుగా చూస్తున్నాను, మీ పవర్ మారలేదు. అది మంచిదే. ఇక విజయవాడలో పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్తే కంటి ముందుండే కార్నియా పొర మందం కొలుస్తారు. మందం చాలకపోతే వాళ్ళే వద్దంటారు. చాలితే చెయ్యొచ్చు. కానీ ఇంకో సంగతుందండీ. మీరు రాళ్ళు పొదిగేటప్పుడు జోడు తీసేసి, లాకెట్ ముక్కు దగ్గర పెట్టుకుంటారు కదా?"

"అవును. సన్నపని అంతా నాదేగా."

"ఆవగింజంత రాయి అంత దగ్గర్లో స్పష్టంగా కనబడుతోందంటే అది ఈ మైనస్ ఏడున్నర చలవే. లేజర్ అయ్యాక ఆ సుఖం ఉండదు. మీ నాన్నగారిలా భూతద్దం పట్టాల్సి రావచ్చు."

ఆమె కళ్ళు చిట్లించింది. "గిరాకీ పోతుందని బాధా?"

"గిరాకీ పోతే పోయిందండీ."

"మరింకేం బాధ?"

"ఏం లేదు" అని తళతళలాడుతున్న అద్దాలే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాను. "గుడివాడవాళ్ళ కోసమైతే వద్దండీ. మీకోసమైతే చేయించుకోండి."

ఆమె కాసేపు రోడ్డు మీద పడుతున్న వానని చూసింది. "చిన్నప్పట్నించీ నాకు వానంటే అద్దాల మీద చుక్కలేనండీ. ఒక్కసారన్నా అడ్డం లేకుండా చూడాలనుంది."

"అయితే చేయించుకోండి" అనేశాను. అన్నాక నన్ను నేనే తిట్టుకున్నాను.

కార్నియా మందం సరిపోయింది. ఆపరేషన్ అయింది. ఆదివారం గుడివాడవాళ్ళు మళ్ళీ వస్తున్నారని దుర్గారావుగారు కబురు చెప్పారు. ఆ వారమంతా నేను మనిషిలో లేను. ఓ పెద్దాయనకి ఆడవాళ్ళ ఫ్రేము అమ్మేశాను. ఆయన అద్దంలో చూసుకుని బ్రహ్మాండంగా ఉందన్నాడు, అది వేరే సంగతి.

సోమవారం జల్లు పడుతుండగా నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది రుక్మిణి.

"శుభలేఖ ఇవ్వడానికొచ్చారా?" అన్నాను.

"నిన్న వాళ్ళని పంపించేశానండీ."

"అయ్యయ్యో! ఎందుకండీ?" అన్నాను. నా గొంతులో బాధన్నది మచ్చుకైనా లేదు.

"అబ్బాయి బాగానే ఉన్నాడు పాపం. కూర్చోగానే వాళ్ళమ్మ నా మొహం ముందు మూడు వేళ్ళు పెట్టి, 'ఇవెన్నమ్మా?' అంది. అబ్బాయేమో, 'అంత దగ్గర్నించి కాదమ్మా, గుమ్మంలో నుంచుని చూపించు' అన్నాడు. ఆవిడ లేచి గుమ్మంలోకి వెళ్ళింది కూడా!"

"మరి మీరేమన్నారు?"

"ఏడున్నర అన్నాను."

ఇద్దరం పగలబడి నవ్వాం.

"నగలపని ఎలా ఉంది?" అన్నాను.

"భూతద్దంతో కష్టంగానే ఉందండీ, మీరు చెప్పినట్టే. అలవాటు చేసుకుంటున్నాను. కానీ మొన్న వసారాలో నుంచుని వాన చూశాను. ఒక్కో చుక్కా విడివిడిగా పడుతోంది." ఆమె నల్లద్దాలు తీసింది. "ఇంకోటి చెప్పాలి. ఆపరేషన్‌కి ముందు, ఇన్నేళ్ళలో జోడు లేకుండా నాకు స్పష్టంగా కనబడిన పరాయి మగమొహం ఒక్కటేనండీ. జానెడు దూరంలో టార్చి పట్టుకుని కూర్చునే మొహం. మూడేళ్ళుగా ఈ కుర్చీలోనే నాకు పెళ్ళిచూపులు అవుతున్నాయి. మీకే తెలియలేదు. కళ్ళు పరీక్ష చేస్తారట, కళ్ళు!"

చివరి మాటకి ఆమె కళ్ళు నిండాయి. నలుపుకోవడానికి చెయ్యెత్తింది. నేను ఒక్క దూకున వెళ్ళి రెండు చేతులూ పట్టేసుకున్నాను.

"నలపకూడదండీ! నెలరోజులు కళ్ళు నలపకూడదని డాక్టర్ చెప్పలేదా?"

"చెప్పారు. నాకు గుర్తుండి చావదు. మీరే పట్టుకోండి."

పట్టుకున్నాను. "మీరంటే నాకు ప్రాణం రుక్మిణీ. లేజర్ చేయించుకోండి అన్నరోజు రాత్రి అన్నం కూడా తినలేదు" అన్నాను. దాచుకున్నదంతా ఒక్కసారే బయటికొచ్చేసింది.

"మరి నెల తర్వాత వదిలేస్తారా?"

"వదలను."

బయట ఎవరో దగ్గారు. చూస్తే, గొడుగేసుకుని కూతుర్ని తీసుకొచ్చిన దుర్గారావుగారు షాపు మెట్లమీద నుంచుని ఉన్నారు. చేతులు వదులుదామంటే రుక్మిణి గట్టిగా పట్టుకుంది.

ఆయన మా ఇద్దర్నీ తేరిపారా చూసి, గొడుగు ముడిచారు.

"నెలరోజులు ఇలా పట్టుకుని నుంచుంటే షాపు ఎవరు చూస్తారు అల్లుడూ? ఈ శ్రావణంలోనే ముహూర్తం పెట్టించేస్తాను."