కొండవైపు తిరిగిన ముల్లు

ముల్లు పన్నెండు దగ్గర ఆగిపోయింది.

"ఇంకోసారి చూద్దాం అమ్మా," అన్నాడు డాక్టర్ సుధన్వ. తెరమీద భీమిలి బీచ్, నూకరత్నం ఇంటి అరుగు, ఆమె కుట్టుమిషను వరసగా వచ్చాయి. ముల్లు కదల్లేదు.

సలోరా ద్వీపంలో టూరిస్టు వీసా పొడిగించాలంటే ఈ రిటర్న్ మీటరు పరీక్ష దాటాలి. తలకి పట్టీ కడతారు. సొంతూరి బొమ్మలు చూపిస్తారు. మెదడు ఇంటివైపు ఎంత లాగుతోందో మీటరు నూటికి ఇంతని చెబుతుంది. అరవై దాటితే తిరిగి వెళ్ళే మనిషి, కాబట్టి ఉండొచ్చు. తగ్గితే ఇక్కడే పాతుకుపోయే మనిషి, కాబట్టి మర్నాడే విమానం. ఇంటిమీద బెంగ ఉన్నవాళ్ళకే ఇక్కడ చోటన్నమాట. దీన్ని కనిపెట్టింది సుధన్వే.

నూకరత్నం కూతురు హైమ పదిరోజుల టూరుకొచ్చింది. బస్సు బోల్తాపడి నడుం విరిగింది. రెండో ఆపరేషన్ వచ్చే గురువారం. కబురందగానే పరుగెత్తుకొచ్చిన తల్లి వీసా రేపటితో సరి.

"ఇంటిని కాస్త ప్రేమగా తలుచుకోండి," అన్నాడతను గొంతు తగ్గించి.

"దొంగ బెంగ నా వల్ల కాదు బాబూ. నా పిల్ల పడుకున్న మంచమే నాకు ఇల్లు. అదే రాసుకోండి."

"రాస్తే పంపించేస్తారమ్మా."

"మోసుకెళ్ళమనండి. నా కాళ్ళతో నేను వెళ్ళను."

సుధన్వ నుదురు రుద్దుకున్నాడు. "ఊళ్ళో చెయ్యాల్సిన పని ఒక్కటీ మిగల్లేదా?"

ఆమె చెయ్యి జడమీదికి పోయింది.

"ఒకటుంది. సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నాను. పిల్ల లేచి నడిస్తే, దాన్ని మెట్లెక్కించి తలనీలాలు ఇస్తానని. అది తీర్చకుండా నేను చావనైనా చావను."

ముల్లు ఒక్క ఊపున లేచి తొంభై ఏడు దగ్గర వణికింది.

సుధన్వ నోరు తెరిచి చూశాడు. మొక్కు అన్న మాట ఇక్కడి చట్టంలో ఎక్కడా లేదు. అంకె ఉంది, చాలు. మూడు నెలలకి ముద్ర కొట్టాడు.

"పిల్ల నడిచాక ఒక్క పూట ఇక్కడుంటే అడగండి," అంటూ ఆమె పట్టీ విప్పి బల్లమీద పడేసింది.

తలుపు దాకా వెళ్ళిందో లేదో, వెనకనుంచి పిలిచాడు.

"అమ్మా, ఒక్క మాట. పై నెలనుంచి ఇక్కడ ఉద్యోగాలు చేసే పరాయిదేశం వాళ్ళకీ ఈ పరీక్షేనట. నేనూ పదిహేనేళ్ళ కిందట టూరిస్టు వీసామీద వచ్చి ఉండిపోయినవాణ్ణే. నిన్న నాకు నేనే పట్టీ కట్టుకుని చూసుకున్నాను. నాలుగొచ్చింది." బల్లమీది పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. "నన్నేం మొక్కుకోమంటారు?"

నూకరత్నం అతన్ని ఎగాదిగా చూసింది.

"మొక్కు అడిగి తెచ్చుకునేది కాదు బాబూ. మీకు ప్రాణమైనవాళ్ళు ఎవరో ఒకరు ముందు మంచాన పడాలి. అలాంటివాళ్ళున్నారా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. ఆస్పత్రిలో హైమకి గంజి తాగించే వేళయింది.