పాతగూడెం అవునంటేనే

బాలన్న శవం పొద్దున్నే ఇంద్రావతిలో, పాతగూడెం వంతెన కింద దొరికింది. పైకి అతను బ్లూ హెరన్ మీడియా ట్రస్టులో జీపు డ్రైవర్. నిజానికి మన ఏజెంటు.

"మెడ విరిచేశారు," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "పోయేముందు మెసేజ్ పంపాడు. ట్రస్టు ఉత్త ముసుగు. దాని వెనక విదేశీ ముఠా ఉంది. గ్రే సర్కిల్."

సిరోంచ బస్టాండులో టీ తాగుతున్న ఏజెంటు సాగర్‌కు ఏమీ అనిపించలేదు. బాలన్నతో కొన్నేళ్లు ఒకే గదిలో ఉన్నవాడు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. ఇంకో టీ చెప్పాడు.

"ప్లాన్ ఏంటి సర్?"

"సిరోంచలో యాదక్క అని ఒకావిడ ఊళ్ల వార్తల స్టేషన్ నడుపుతోంది. ఎవరి మాటా వినదు, అందుకే జనం నమ్ముతారు. లోకల్ మీడియాను బలోపేతం చేస్తామంటూ ట్రస్టు ఆమెకు కంప్యూటర్, ఊరూరా సోలార్ స్పీకర్లు ఇచ్చింది. ఈ సాయంత్రం ఆ కంప్యూటర్‌ను బయటినుంచి లాక్ చేసి, ఆమె గొంతును ఏఐతో దించి దొంగవార్త వదులుతారు. పాతగూడెం వంతెన దగ్గర వరద సాయం పంచుతున్నారని. అక్కడుండే లారీలో బాంబు."

"ఊరికి చెబుదామా?"

"వద్దు. రిమోట్ ఉన్నవాడు జారుకుంటాడు. మనవాళ్లు మఫ్టీలో ఉన్నారు. వార్త మొదలైతేనే వాడు బయటికొస్తాడు. మొదలవగానే నువ్వు కిల్ స్విచ్ నొక్కు. స్పీకర్లన్నీ కాలిపోతాయి."

"తర్వాత వరదొస్తే ఆ ఊళ్లకు ఎవరు చెబుతారు?"

"అది మన డిపార్ట్‌మెంట్ కాదు."

సాయంత్రానికి సాగర్ స్పీకర్ల మెకానిక్ బాబురావు అయ్యాడు. ఖాకీ చొక్కా, పెట్టుడు మీసం. స్టేషన్ గేటు దగ్గర ట్రస్టు మేనేజర్ ప్రగతి నిలబడి ఉంది. సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, సిరోంచ సిరోంచంతా తలతిప్పి చూసే అందం. జీతం గ్రే సర్కిల్‌ది, సమాచారం మనకు.

"ఏటపల్లి బస్సు ఉన్నదా?" అన్నాడు సాగర్.

"ఉంటే నేనెందుకు నిలబడుత?"

కోడ్ సరిపోయింది. ఆమె అతని జేబులో ఒక పెన్ను పెట్టింది. అదే కిల్ స్విచ్.

"బాలన్నను కాపాడలేకపోయాను," అంది. గొంతు వాతావరణం గురించి చెప్పినట్టే ఉంది. ఇద్దరిదీ ఒకటే జబ్బు.

సాగర్ లోపలికెళ్లి యాదక్క పక్కన వైర్లు చూస్తున్నట్టు కూర్చున్నాడు. బులెటిన్ మొదలైన కాసేపటికే కంప్యూటర్ స్క్రీన్ బిగుసుకుపోయింది. యాదక్క నోరు మూసుకునే ఉంది. స్పీకర్లో మాత్రం ఆమె గొంతు పలికింది. "పాతగూడెం వంతెన కాడ బియ్యం, ఇండ్ల మీద కప్పే తాడిపత్రీలు పంచుతుండ్రు. అందరు జల్ది రాండ్రి."

"తమ్మీ, ఇది నా గొంతే. గాని నేను అనలే," అంది సాగర్‌తో.

సాగర్ పెన్ను తీశాడు. సంగతంతా రెండు ముక్కల్లో చెప్పి మీట మీద బొటనవేలు పెట్టాడు. యాదక్క అతని మణికట్టు పట్టుకుంది.

"కాలవెట్టకు. మావోళ్లు కదలరు."

"జనం చచ్చిపోతారక్కా."

"పాతగూడెం వార్త చదివినంక నేను ఆ ఊరి నర్సక్కకు, స్పీకర్ల అందరికి ఇనవడేటట్టు ఫోన్ కలుపుత. ఆమె అవు అంటేనే అది వార్త. ఏ ఊరిదైనా గంతే. ఆ ఊరోళ్లు అవు అనకుంట మా దిక్కు ఒక్కలు గడప దాటరు. గా ట్రస్టోళ్లు ఆ ఫోన్ దండుగ, తీసెయ్యి అని మస్తు చెప్పిండ్రు. నేను తియ్యలే."

"వాళ్లు తీసేశారు," అంది ప్రగతి గుమ్మంలోంచి. "దొంగవార్తలో ఆ ఫోన్ లేదు."

సాగర్ చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ అరుస్తున్నాడు. నొక్కితే స్పీకర్లు పోతాయి. నొక్కకపోతే, యాదక్క లెక్క తప్పితే, ఊరు పోతుంది. సాగర్‌కు భయమేసింది. భయమేసి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. వేలు తీసేశాడు.

యాదక్క సెల్ మోగింది.

"ఏందక్కా, మా ఊరి వార్త చదివి నాకు ఫోన్ కలపకపోతివి?" నర్సక్క కోపంగా ఉంది. "అందరు నా మొకమే చూస్తుండ్రు. ఇగ అవు అనాల్నా, వద్దా?"

"కాదను. గట్టిగ అను. ఎవ్వలు వంతెన దిక్కు పోవద్దు."

వంతెన దగ్గర లారీ ఒక్కటే ఉంది. జనం రాకపోయేసరికి, ఏమైందో చూద్దామని పొదల్లోంచి ఒకడు రోడ్డెక్కాడు. మఫ్టీవాళ్లను చూసి రిమోట్ ఎత్తాడు. వేలు బటన్‌కు తగలబోతుండగా చెయ్యి విరిచి పట్టుకున్నారు.

యాదక్క ట్రస్టు కంప్యూటర్ వైర్లు పీకేసి, స్పీకర్లను తన పాత లాప్‌టాప్‌కు కలిపింది. జరిగింది జరిగినట్టు ఊళ్లన్నిటికీ చెప్పింది. తర్వాత మైకు సాగర్ ముందుకు జరిపింది.

"లారీల బాంబు ఉన్నదని మీకు ఎప్పుడు తెల్సింది తమ్మీ?"

"పొద్దున."

"మల్ల పాతగూడానికి ఎందుకు చెప్పలే?"

"నో కామెంట్ అను," అన్నాడు చీఫ్ చెవిలో.

సాగర్ ఇయర్‌పీస్ తీసి బల్లమీద పెట్టాడు. సిగ్గుతో మొహం మండుతోంది. "మిమ్మల్ని ఎరగా పెట్టామక్కా," అన్నాడు.

మూడు దేశాల జైళ్లలో నోరు విప్పని ఏజెంటు సిరోంచలో విప్పాడు. అదీ లైవ్‌లో.