మిద్దె మీద నెత్తళ్లు

పొద్దున్నే మెట్లెక్కిన కరుణాకుమారి, మిద్దె మీద ఎండకు పరిచిన నెత్తళ్ల చేపలను తొక్కకుండా పక్కకు జరిగి ఆకాశం చూసింది. మబ్బు లేదు. అయినా భయం పోలేదు. ఇంటికి సోలార్ పలకలు పెట్టిద్దామని కూతురు ఎవాంజెలిన్ పట్టు. కొలతలు తీసే మనిషి ఇవాళే వస్తాడు. ఇల్లు కరుణాకుమారి పేరనుంది. ఆమె సంతకం పెట్టందే పని జరగదు.

ఆ వీధిలో స్లాబు ఇల్లు ఇదొక్కటే, మిగతావన్నీ రేకులే. అందుకే అందరి చేపలూ ఈ మిద్దె మీదే ఎండుతాయి.

"పిడుగు పడతాదంట," అంది కిందికి దిగి. "తుఫానుకు ఎగిరిపోయి ఎవరి నెత్తినన్నా పడితే? వనజాక్షక్క వద్దంది, దుర్గా వద్దంది. వీధంతటికీ లేని తెలివి నీకొక్కదానికే ఉందా?"

ఎవాంజెలిన్ కుట్టుమిషను ఆపింది. "చెప్పినోళ్లలో ఎవరింట్లో ఉంది సోలారు?"

"ఉంటేనే భయపడాల్నా?"

"వాళ్ల భయం పిడుగు గురించి కాదు. పలకలొస్తే నెత్తళ్లకు చోటుండదని. ఆ మాట నీతో అనలేక పిడుగు మాట చెప్పినారు."

కరుణాకుమారి గడప మీద కూర్చుంది. "మీ నాయన పోయినప్పుడు మూడు రోజులు మనకు కూడు తెచ్చింది వాళ్లే. వాళ్ల నోటికాడిది తీసి నువ్వు కరెంటు చేసుకుంటావా? నేను సంతకం పెట్టను."

ఎవాంజెలిన్ పెట్టెలోంచి ఒక కాగితం తీసి తల్లి ఒళ్లో పెట్టింది. మిద్దె బొమ్మ. పలకలు ఉత్తరపు అంచున ఉన్నాయి. మిగతా చోటంతా గళ్లు, గడికో పేరు: వనజాక్షి పెద్దమ్మ, దుర్గక్క, కామాక్షమ్మవ్వ.

"నీడ అవతలకి పడతాది, చేపల మీద పడదు. ఎవరికెంత చోటు కావాలో వారం రోజులు కొలిచినా. సోలారు పెట్టించుకున్న పక్కవీధి లిల్లీ టీచరమ్మ ఇంటికి కూడా పోయి చూసొచ్చినా. పోయిన తుఫానుకు వాళ్ల పలక ఒక్కటి కూడా కదల్లేదు."

పేర్లు మసకబారాయి. కరుణాకుమారి కొంగుతో కళ్లు తుడుచుకుంది. లోకంలో ఉన్న ప్రమాదాలన్నీ తను ఊహించింది గానీ, బిడ్డ మనసు ఇంత పెద్దదని మాత్రం ఊహించలేకపోయింది.

"పెన్ను ఇయ్యి," అంది.

పలకలొచ్చిన నెలకు, ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. కరుణాకుమారి ప్రార్థన చేసుకుంటూ మిద్దెక్కింది. వనజాక్షి అప్పటికే తన నెత్తళ్లు గంపకెత్తి, పలకల స్టాండును పట్టి ఊపి చూస్తోంది.

"కదల్లేదు కరుణా. మా తమ్ముడు కూడా పెట్టిస్తాడంట. పిడుగు సంగతేందని అడగతా ఉండాడు."

"మా అమ్మాయినడగమను," అంది కరుణాకుమారి. "చోటు కూడా అదే కొలిచి చెప్తాది."