కింది వరుస అక్షరాలు

యమున చాయ్ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. గట్టయ్యకు నాలుగు గ్లాసులు కనిపించాయి. వాటిలో అసలుది ఏదో తేల్చుకోవడానికి ఆయనకొక పద్ధతుంది. బల్ల మీద వేళ్లను మెల్లగా జరుపుతూ పోతాడు. వేడి తగిలిన చోట గ్లాసు ఉన్నట్టు.

ఈసారి వేడి కన్నా ముందు గ్లాసే తగిలింది. చాయ్ అంతా బల్ల మీద పారింది.

"చూసినవా అమ్మా?" అంది హర్షిణి. పెళ్లయి నస్పూర్‌లో ఉంటున్న ఆ ఇంటి పెద్దబిడ్డ, తండ్రిని కంటి దవాఖానకు తీసుకుపోవడానికని పొద్దున్నే మొదటి బస్సుకు దిగింది. "మొన్న బొగ్గు లారీ కింద పడబోయిండు. పక్కింటి ముత్యం కాక రెక్క పట్టి గుంజకపోతే ఏమైతుండె?"

"అక్కా, నీకు ఎట్ల చెప్తే సమజైతది?" లోపలి గదిలోంచి రుత్విక్ గొంతు లేచింది. "సోమవారం బాపుకు మెడికల్ బోర్డు. ఒక్క వారం ఆగు. బోర్డు అయినంక లెన్సులు పెట్టియ్యి, బంగారు కండ్లు పెట్టియ్యి, ఎవడు వద్దన్నడు?"

"అంటే అప్పటిదాంక బాపు గోడలు తడుముకుంట తిరగాల్నా?"

"నీదేం పోయింది? నీకు ఇల్లున్నది, సంసారమున్నది. బీటెక్ చదివి బసంత్‌నగర్‌ల సిమెంటు దుమ్ము తింటున్నది నేను!"

గోదావరిఖనిలో ఈ గొడవ అర్థం కాని ఇల్లు ఉండదు. బొగ్గుబాయిలో ఒంట్లో సత్తువంతా ధారపోసిన మనిషిని మెడికల్ బోర్డు పనికిరాడని తేలిస్తే, ఆయన నౌకరీ వారసుడికి వస్తుంది. ఆ 'అన్‌ఫిట్' అన్న మాట కోసం గట్టయ్య ఇంటిల్లిపాదీ ఏడాదిగా ఎదురుచూస్తున్నారు. నౌకరీ ఖాయమైతే రుత్విక్ జీవితం గట్టెక్కుతుంది. లేదంటే పిల్లాడు సిమెంటు లారీలకు టోకెన్లు ఇచ్చుకుంటూనే ముసలివాడవుతాడు.

గట్టయ్య తువ్వాలతో చేతులు తుడుచుకుని, అదే తువ్వాల కొసతో కళ్లు నలుపుకున్నాడు. బాయిలో దుమ్ము పడ్డ నాటినుంచి ఉన్న అలవాటది.

"ఊకోండ్రి ఇద్దరు. పోదాం దవాఖానకు" అన్నాడు.

"బాపూ!"

"ఫికర్ చెయ్యకురా. లెన్సు పెట్టినా కండ్లకు ఆనుతలేదని డాక్టరమ్మనే చెప్పిందనుకో, బోర్డుకు ఇంకేం కావాలె?"

బాపు దవాఖానలో ఏం చెప్పబోతున్నాడో రుత్విక్‌కు అందింది. "ఆటో పిలుస్త" అన్నాడు, గొంతులో సంతోషం దాచుకోలేక.

"బండి ఉండంగ ఆటో ఎందుకురా? నేను, అక్క బస్సుల వస్తం, నువ్వు బాపును బండి మీద తీస్కపో" అంది యమున.

"బండి బ్రేకులు సక్కగ లెవ్వు" అన్నాడు రుత్విక్. రెండు నెలలుగా అదే మాట.

లక్ష్మీనగర్‌లోని ఆ దవాఖానలో లెన్సులు అమర్చే డాక్టరు పేరు విద్య. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇంటి పిల్ల. గట్టయ్య గడ్డాన్ని యంత్రం మీద ఆనించి రెండు కళ్లనూ పరీక్షించింది.

"మీ నల్లగుడ్లు పలచబడి, కోసుగా ముందుకు పొడుచుకొచ్చాయండీ. అందుకే ఒక్కటి నాలుగుగా కనిపిస్తోంది. మామూలు కళ్లద్దాలు దీన్ని సరిచేయలేవు. ఈ గట్టి లెన్సు గిన్నెలా కంటిని కప్పుతుంది. లోపల నీళ్లు నిండి ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి. మీరు కళ్లు బాగా రుద్దుకుంటారా?"

"బాగనా? తోముతడు" అంది యమున.

విద్య నవ్వలేదు. "రుద్దేకొద్దీ ఇది ముదురుతుంది. ఒక్కో ఇంట్లో పిల్లలకూ రావచ్చు" అంటూ లెన్సును నీళ్లతో నింపింది. "తల పూర్తిగా వంచండి. నేలను చూడండి. కదలకండి."

చల్లటి నీళ్లు చెంప మీదుగా జారాయి. కంట్లో ఏదో బరువుగా కూర్చుంది. రెండో కంట్లోనూ అంతే. గట్టయ్య రెప్పలు ఆడించాడు.

నేల కనిపించింది. నున్నటి బండలు, వాటి మధ్య సన్నటి గీతలు, గీతల్లో ఇరుక్కున్న మట్టి. తన కాళ్లు. బొటనవేలి మీద ఎప్పుడో బొగ్గుపెళ్ల పడి నల్లబడ్డ గోరు. అన్నీ ఒక్కొక్కటే!

"తలెత్తండి. ఎదురుగా పలక మీద ఏ అక్షరాలు కనిపిస్తున్నాయి?"

పైన కొండంత 'గ'. దాని కింద చిన్నవి, ఇంకా చిన్నవి. అన్నిటికన్నా కింద చీమల బారులాంటి వరుస. ర, ట, వ, న, ల. కడిగిన పళ్లెంలా స్పష్టంగా ఉంది. చదవాలని నాలుక దురద పెట్టింది.

"ఏం ఆనుతలేదమ్మా" అన్నాడు గట్టయ్య. "అంత మసకనే."

విద్య భృకుటి ముడిపడింది. లైటు వేసి మళ్లీ చూసింది. "లెన్సు చక్కగా కూర్చుంది. చూపు రావాలే! సరే, కుదురుకోనిద్దాం. అరగంట బయట కూర్చోండి, మళ్లీ పరీక్షిస్తాను."

అరగంట! గట్టయ్యకు ఆ బెంచీ మీద ముళ్లపై కూర్చున్నట్టుంది. చూపును ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గుడ్డివాడిలా గోడకేసి చూద్దామంటే కళ్లు మాట వినలేదు. ఆకలిగొన్నవాడు అన్నం మీద పడ్డట్టు పక్కనున్న యమున ముఖం మీద పడ్డాయి. ఎప్పుడు ముగ్గుబుట్టయింది ఈమె తల? కుడి చెవి కమ్మకు రాయి లేదు. భుజం మీద చీరకు ఒక తెల్లదారం అంటుకుని ఉంది. ఆయన చెయ్యి తనంతట తానే లేచి దారాన్ని తీసి పారేసింది.

యమున చటుక్కున ఆయన వైపు తిరిగింది. ఏదో అడగబోయి, కొడుకు వైపు చూసి నోరు మూసుకుంది.

గట్టయ్య కూడా కొడుకు వైపు చూశాడు.

ఎదురు బెంచీ మీద రుత్విక్ ఫోన్ చూస్తున్నాడు. ఫోన్ ముక్కుకు తగిలేంత దగ్గరగా ఉంది. ఎడమ కన్ను మూశాడు. తల పక్కకు వాల్చాడు. తర్వాత ఫోన్ ఒళ్లో పెట్టుకుని, రెండు పిడికిళ్లతో కళ్లను గట్టిగా, గుండ్రంగా నలిపాడు.

ఆ తల వాల్చడం ఎవరిదో, ఆ నలపడం ఎవరిదో గట్టయ్యకు తెలుసు. 'పిల్లలకూ రావచ్చు' అన్న మాట చెవిలో గింగురుమంది.

"రుత్విక్, గా ఎదురు గోడ మీద బోర్డు ఉన్నదట గద, ఏం రాసిండ్రురా?"

రుత్విక్ తలెత్తి, కళ్లు చికిలించాడు. "ఏముంటది బాపూ. కండ్లు దానం చెయ్యుమని రాసిండ్రు."

"కండ్లు దానమా?" హర్షిణి నవ్వింది. "చెప్పులు బయట ఇడువుండ్రి అని గదరా! మొత్తం గోడంత అక్షరాలు."

"ఫోన్ చూసుకుంట చెప్పిన తియ్యి" అని రుత్విక్ మళ్లీ తల దించుకున్నాడు.

బ్రేకులు సక్కగ లెవ్వు! బండి ఎందుకు తీయడం లేదో గట్టయ్యకు అప్పుడు వెలిగింది. ఇప్పుడు నోరు విప్పితే తనకు చూపు వచ్చిందని తేలిపోతుంది. బోర్డు పోతుంది, నౌకరీ పోతుంది. సోమవారం దాకా ఓర్చుకుంటే? నౌకరీ చేతికొచ్చాక చెప్పుకుంటే? ఆయన బెంచీ అంచును బిగించి పట్టుకున్నాడు. వారమే కదా.

రుత్విక్ పిడికిళ్లు మళ్లీ కళ్లకు చేరాయి.

"కండ్లు నలపకురా!"

కేకకు వసారా అంతా తిరిగి చూసింది. గట్టయ్య లేచి, నాలుగు అంగల్లో తడబడకుండా పోయి కొడుకు చేతులు రెండూ పట్టుకున్నాడు.

రుత్విక్ తలెత్తి తండ్రి కళ్లలోకి చూశాడు. "నీకు ఆనుతుందా బాపూ?"

"ఆనుతుంది."

"ఇగ అయిపాయె!" రుత్విక్ చేతులు విదిలించుకున్నాడు. "నీకు చూపచ్చిందని డాక్టరు రాస్తది. బోర్డు ఫిట్ అంటది. ఏడాది సంది ఆశ పెట్టి, ఆఖరికి ఇట్ల చేస్తివా? నీ నోటితోని నువ్వే..."

"రాత్రిపూట నీకెన్ని చందమామలు ఆనుతయిరా?"

రుత్విక్ ఆగిపోయాడు. హర్షిణి తమ్ముడి వైపు, తండ్రి వైపు మార్చి మార్చి చూసింది.

"చెప్పు. నాకు సుత గిట్లనే మొదలైంది. ఎన్ని?"

"మూడు." వాడు తల దించుకున్నాడు. "నాలుగు నెలల సంది మూడు."

"ఎందుకు చెప్పలేదురా?" హర్షిణి గట్టిగా అడిగింది.

"ఎట్ల చెప్పాలె అక్కా? బాపు నౌకరీ నాకు రావాల్నంటే నాకు సుత కంటి పరీక్ష ఉంటది. బాపు అన్‌ఫిట్ అయి, నేను అన్‌ఫిట్ అయితే ఇంట్ల ఇంకేం మిగుల్తది? ఎట్లనో ఒకట్ల గట్టెక్కుదామనుకున్న."

"నేను బొంకుడు నీ కోసం, నువ్వు బొంకుడు ఇంటి కోసం" అన్నాడు గట్టయ్య. "నడుమల కండ్లు పోతున్నయిరా. నా దానికి మందు లేదనుకుని ఊకున్న. ఎవలూ చెప్పకపాయె. నీకు చెప్పేటందుకు నేనున్న."

"నాకు ఎప్పుడో ఎరుకైంది" అంది యమున, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "దారం తీసినప్పుడే. పిల్లగాని నౌకరీ కోసమని నోరు మూసుకున్న. నేను సుత దొంగనే."

గడపలో విద్య నిలబడి ఉంది. ఆమె ఎంత విన్నదో ఎవరికీ తెలియదు. రుత్విక్ వైపు మాత్రం చెయ్యి చూపించింది. "లోపలికి రా బాబూ."

యంత్రం మీద గడ్డం ఆనించి కూర్చున్న కొడుకును చూస్తూ గట్టయ్య తలుపు దగ్గరే నిలబడ్డాడు. పరీక్ష అయ్యేదాకా హర్షిణి గోళ్లు కొరుకుతూనే ఉంది.

"ఉంది" అంది విద్య చివరికి. "కానీ మొదట్లోనే దొరికింది. ముదరకుండా ఆపే చికిత్స ఉంది, చేయించుకుందాం. రుద్దడం మాత్రం ఈ క్షణం నుంచే మానాలి. ఇంకో ఏడాది దాచి ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు."

రుత్విక్ కుర్చీలోనే ముఖం చేతుల్లో దాచుకున్నాడు. వెంటనే గుర్తొచ్చి చేతులు కళ్ల మీంచి తీసేశాడు. కన్నీళ్లు తుడవకుండానే జారనిచ్చాడు. "అనవసరంగ నిన్ను అన్న బాపూ" అన్నాడు.

"అంటే అన్నవు తియ్యిరా. నన్ను అన్నోని మొఖం నాకు ఆనుతుంది గద." గట్టయ్య విద్య వైపు తిరిగాడు. "డాక్టరమ్మా, ఇందాక బొంకిన. మల్ల చదువుత, వినుండ్రి."

"బోర్డుకు నేను ఉన్నదున్నట్టే చెప్పాల్సి ఉంటుందండీ."

"ఉన్నదున్నట్టే చెప్పుండ్రి. ఫిట్ అంటే డ్యూటీకి పోత. దుమ్ముల వద్దంటే బయటి పని అడుగుత. పోరని కండ్లకన్నా పెద్ద నౌకరీ ఏముంటది?"

ఆయన నిటారుగా నిలబడి, బళ్లో పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు. పై అక్షరాలన్నీ వదిలేసి సరాసరి కింది వరుసకు దిగాడు.

"ర. ట. వ. న. ల."

ఒక్కటీ తప్పలేదు. విద్య చప్పట్లు కొట్టబోయి ఆగింది, ఎందుకంటే గట్టయ్య చదవడం ఇంకా ఆపలేదు. అలాగే నిలబడి భార్య వైపు తిరిగాడు.

"యమునా, నీ కుడి చెవి కమ్మకు రాయి లేదు."

"పోయి మూడేండ్లయితుంది." యమున ఏడుస్తూనే నవ్వింది. "చెప్తే, కనవడ్తలేదని నువ్వు రంది పెట్టుకుంటవని చెప్పలే."

రుత్విక్ కుర్చీ దిగి తండ్రి మోచేయి పట్టుకోబోయాడు. ఆయనను నడిపించడం ఆ పిల్లాడికి అలవాటైపోయింది. గట్టయ్య ఆ చేతిని తీసి, తనే కొడుకు రెక్క పట్టుకున్నాడు.

"మెట్లున్నయిరా" అన్నాడు. "సూసుకుంట దిగు."