మింగాడని చెప్పిన మాత్ర

శనివారం మధ్యాహ్నం గీతాంజలి స్కూల్ నుంచి వచ్చేసరికి నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పొద్దున అమ్మ తీసిపెట్టి వెళ్లిన మాత్రలు స్టూలు మీద అలాగే ఉన్నాయి.

"నాన్నా, మాత్రలు మింగలేదా?"

"మింగుతాలే. పోయి అన్నం తిను."

నాన్న ఆంజనేయులు బెంగళూరు పీణ్యలో ఒక మెషిన్ షాపులో ఇనుము చెక్కే లేత్ మీద పనిచేసేవాడు. వేసవిలో ఒకరోజు లేత్ పక్కనే గుండె పట్టుకుని పడిపోయాడు. హార్ట్ అటాక్ అన్నారు. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంట్ పెట్టారు. ప్రాణం దక్కింది. కానీ ఇంటికి వచ్చాక నాన్న మునుపటి నాన్నలా లేడు. ఎవరైనా చూడడానికి వస్తే కళ్లు మూసుకుంటాడు. రోజూ కాస్త నడవమని డాక్టరు చెప్పినా గుమ్మం దాటడు.

ఫోన్ మోగింది. గార్మెంట్ ఫ్యాక్టరీ నుంచి అమ్మ కదిరమ్మ. అక్కడ అది లంచ్ టైం.

"గీతా, నాన్న మాత్రలు మింగినాడా?"

గీతాంజలి నాన్న వైపు చూసింది. లేదంటే అమ్మ ఫోన్లోనే అరుస్తుంది. నాన్న తిరిగి అరుస్తాడు. ఇక పడుకునేదాకా ఇద్దరూ మాట్లాడుకోరు. మొన్న అలాగే జరిగింది.

"మింగినాడమ్మా," అంది.

"నువ్వుండావు కాబట్టే నాకు ధైర్యం," అంది అమ్మ.

ఆ సాయంత్రం ఇంట్లో గొడవ లేదు. సోమవారం అమ్మ అడిగినప్పుడు కూడా గీతాంజలి అదే చెప్పింది. మెల్లగా అది అలవాటైపోయింది. నాన్న మాత్రలు తీసుకెళ్లి బాత్రూమ్‌లో పారేసేవాడు. ఆమె చూసీ చూడనట్టు పుస్తకం తెరుచుకునేది.

ఒక పొద్దున పళ్లు తోముకుంటూనే నాన్న గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. బనియన్ అంతా చెమటతో తడిసిపోయింది.

"ఆటో! ఎవరన్నా ఆటో పిలవండప్పా!" అంటూ అమ్మ వీధిలోకి పరుగెత్తింది.

ఆస్పత్రిలో చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చాడు. "స్టెంట్‌లో రక్తం గడ్డకట్టింది. తీసేశాం. కానీ ఈసారి గుండె బాగా దెబ్బతింది. మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?"

"ఒక్క పూట తప్పలేదు సార్. నా కూతురే చూసుకుంటా ఉండాది," అంది అమ్మ.

"అయితే ఆ మందు ఆయనకు పనిచెయ్యడం లేదేమో. మార్చి చూద్దాం," అని డాక్టరు లోపలికి వెళ్లిపోయాడు.

గీతాంజలి నోరు తెరిచింది. అప్పటికే తలుపు మూసుకుంది. అమ్మ ఆమె తల నిమురుతోంది. ఆ చెయ్యి తీసేస్తే బాగుండుననిపించింది.

నాన్న ఇంటికి వచ్చాడు. ఇప్పుడు స్నానం చేసి రావడానికే ఆయాసం. షాపులో ఆయన లేత్ మీద వేరే మనిషి చేరాడని తెలిసింది. అమ్మ మళ్లీ పనికి వెళ్లిన రోజే కొత్త మాత్రలు కూడా బాత్రూమ్‌లోకి పోయాయి.

"మింగు నాన్నా. నీకు దండం పెడతా," అని ఏడ్చింది గీతాంజలి.

"నా పని అయిపాయె పాపా. అమ్మకు మాత్రం చెప్పొద్దు. ఆమెకింకా బాధ ఎందుకు?"



ఆ వారమే ముగ్గురూ చెకప్‌కు వెళ్లారు. డాక్టరు దగ్గరికి పంపే ముందు నర్సు అర్చన సిస్టర్ బీపీ చూసింది. ఆమెది గుంటూరు వైపు.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అండీ?"

"వేసుకుంటా ఉండాను," అన్నాడు నాన్న.

"లేదు," అంది గీతాంజలి.

అందరూ ఆమె వైపు చూశారు. అయినా ఆగలేదు. "నిన్న మింగలేదు. మొన్నా మింగలేదు. మొదట్లో కూడా మింగలేదు. నేనే అమ్మకు అబద్ధం చెప్పినా."

అమ్మ కొడుతుందేమో అనుకుంది. అమ్మ కొట్టలేదు. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది దెబ్బ కన్నా కష్టంగా ఉంది.

సిస్టర్ నాన్న దగ్గరికి కుర్చీ జరుపుకుంది. "ఎందుకు మానేశారండీ?"

నాన్న నేల చూస్తూ అన్నాడు. "మింగి ఏం చేసేది సిస్టర్? లేత్ ముందర నిలబడే కాళ్లు కావు ఇవి. పొద్దున లేస్తానే ఎందుకు లేచినానా అనిపిస్తాది."

ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు ఆయన.

"గుండెపోటు తర్వాత చాలామందికి మనసు ఇలా కుంగిపోతుందండీ. మేం ముందే అడగాల్సింది. దీనికి వేరే డాక్టరున్నారు, ఇవాళే కలుద్దాం," అంది సిస్టర్. తర్వాత అమ్మతో, "మీరు పనికి వెళ్లేముందు మీ ఎదురుగానే మింగించండి. ఆయనతో మాట్లాడడానికి నేనూ ఫోన్ చేస్తుంటాను. ఇది పాప మోయాల్సిన బరువు కాదు," అంది.

"నా వల్లే నాన్నకు మళ్లీ వచ్చిందా?" అని అడిగింది గీతాంజలి.

"కాదమ్మా. నీ వల్ల ఇప్పుడు అసలు సంగతి తెలిసింది."

"నాన్న గుండె మళ్లీ బాగవుతుందా?"

సిస్టర్ బీపీ పట్టీ చుట్టి పక్కన పెట్టింది. "మునుపటిలా కాకపోవచ్చు. ఇంకా చెడకుండా చూసుకోవచ్చు."

బస్ స్టాప్‌లో అమ్మ ఒక పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. నాన్న గీతాంజలి వైపు చూడకుండా అన్నాడు. "రేపు అడిగినా ఇట్లే చెప్తావా?"

"చెప్తా నాన్నా."

నాన్న దూరంగా జరిగి నిలబడ్డాడు.

బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. నాన్న ఒక కాలు పైకి పెట్టి, ఊపిరి అందక ఆగిపోయాడు. వెనక నుంచి జనం తోసుకుంటున్నారు. గీతాంజలి సందు చేసుకుని వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

కాసేపటికి నాన్న చెయ్యి ఆమె భుజం మీద పడింది. బరువుగా ఉంది. ఆయన పైకి ఎక్కేదాకా ఆమె కదలలేదు.