రాకెట్ ఎక్కిన అన్న

కాఫీ కప్పు కింద పెట్టేలోపే శాస్త్రవేత్త ప్రాణం పోయింది. విషం.

పోయినాయన సీక్రెట్ ఏజెంట్‌కి స్వయానా బావ. అందుకే ఈ కేసు అతని చేతిలో పెట్టడానికి చీఫ్ కాస్త నసిగాడు.

"విదేశీ ముఠా పని. విమానాలకి దారి చూపే ఉపగ్రహం ఉండే ఎత్తులో గ్రావిటీ తక్కువ, దాన్లో గడియారం తొందరపడుతుంది. దాని వేగం వల్ల కొంచెం వెనకబడుతుంది కూడా. రెండూ లెక్కేసి సరిచేసే ప్రోగ్రామ్ మీ బావది. దాన్ని చెడగొడితే, పొగమంచులో దిగే విమానం రన్‌వే అనుకుని కొండను గుద్దుతుంది. ఇవాళ మధ్యాహ్నం మన శాంతి బృందం విమానంలో వస్తోంది."

"ముఠాలో మనవాళ్ళు?"

"సీతాకోక అనే మారుపేరుతో ఒకామె. మీ బావ దగ్గర అసిస్టెంట్‌గా పెట్టాం."

"ఆ కాఫీ కలిపిందెవరు?"

"ఆమే," అన్నాడు చీఫ్ కిటికీ వైపు చూస్తూ.

ఇంటి దగ్గర అక్క ఏడవడం లేదు. "చంపినదాన్ని ఊరికే కాల్చిపారెయ్యకురా. మీ బావ తెలివి చేతిలో ఓడిపోవాలి. ఓడిపోయానని తెలిసి బతకాలి," అంది.

ఏజెంట్ ఏసీ మెకానిక్ వేషంలో, విమానాశ్రయం పక్కనే ఉపగ్రహానికి ఆదేశాలు పంపే గ్రౌండ్ స్టేషన్ చేరాడు. కంట్రోల్ రూమ్‌లో ఎర్ర సిల్కు గౌను, సైలెన్సర్ పిస్టల్, మత్తెక్కించే నవ్వు.

"రండి మెకానిక్ గారూ. స్క్రూడ్రైవర్ తిరగేసి పట్టుకున్నారు," అంది సీతాకోక.

తప్పుడు ప్రోగ్రామ్ ఎక్కించడానికి ఒక్క పాస్‌వర్డే అడ్డం. తెరమీద బావ పెట్టిన ప్రశ్న: 'కవలల్లో అన్న రాకెట్ ఎక్కి వెలుతురుతో పోటీపడి తిరిగొచ్చాడు. తమ్ముడి జుట్టు నెరిసింది, ఇతనికింకా నూనూగు మీసాలే. ఇప్పుడు తమ్ముడికి ఇతను ఏమవుతాడు?'

ఒకటే అవకాశం. పైన విమానం దిగడం మొదలుపెట్టింది.

"జవాబు నీకు తెలుసా?"

"లెక్కల్లో తప్పినవాణ్ణి మేడమ్."

భోజనాల దగ్గర బావ వందసార్లు అడిగి ఏడిపించిన ప్రశ్న అది. వాచీలో మత్తుసూది సిద్ధంగా ఉంది, మీట నొక్కితే చాలు. కానీ అక్క మాట మీద ఆగాడు.

"వేగంగా వెళ్ళినవాడి వయసు తక్కువ. మీ భాషలో చిన్నవాణ్ణి తమ్ముడంటారు," అంటూ టైప్ చేసింది.

తెర ఎర్రబడింది. 'తప్పు. వయసు తగ్గినా వరస మారదు.' కంప్యూటర్‌కి తాళం పడిపోయింది. పొగమంచులోంచి విమానం చక్రాలు రన్‌వేని తాకిన చప్పుడు వినిపించింది.

ఆమె పిస్టల్ ఎత్తేలోపే సూది మణికట్టులో దిగింది. చెయ్యి వాలిపోయింది.

"అన్న ఎప్పటికీ అన్నే మేడమ్. చంపేసినా బావ బావే."

"నన్ను చంపెయ్యి," అంది మత్తుగా.

"మా అక్క ఒప్పుకోదు." బేడీలు వేశాడు. "జైల్లో గడియారాలు మహా మెల్లగా నడుస్తాయట. గ్రావిటీ వల్లో వేగం వల్లో, తీరిగ్గా లెక్కేసుకోండి."