ఉయ్యూరుకు ఇవతల ఆగిన కారు

బానెట్టు సందుల్లోంచి తెల్లటి ఆవిరి బుస్సున లేచింది. నేను కారును కాలువ గట్టు పక్కకు తీసి ఆపాను.

"మళ్ళీనా?" అన్నారు వెనక సీట్లోంచి వెంకటసుబ్బారావుగారు. "నిన్నేగా అంతా చూశానన్నావు?"

"చూశానండి. నిన్న బాగానే ఉంది."

"మన వీధి బీయస్సీ ఉయ్యూరు దాకా కూడా రాలేదన్నమాట" అంది ఆయన తల్లి భద్రమ్మగారు. ఆవిడ పక్కన ఆయన కూతురు ఛాయాదేవి తల వంచుకుని కూర్చుంది. ఇలాంటప్పుడు మొదటి మాట ఆ అమ్మాయిదే అయ్యేది. ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు.

అది నలభై ఆరో సంవత్సరం, మాఘమాసం. వెంకటసుబ్బారావుగారిది పెడనలో బట్టల వ్యాపారం, ఇంట్లోనూ మగ్గాలున్నాయి. మా నాన్న ఆయన ఇచ్చే నూలు నేస్తాడు. నేను బందరులో బీయస్సీ పాసయ్యాను, మా వంశంలో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. ఉద్యోగం వచ్చేదాకా ఆయన పాత కారు నడుపుతున్నాను. బీయస్సీ అంటే ఇంజన్ల చదువని ఆయన నమ్మకం. కాదని రెండుసార్లు చెప్పి, మూడోసారి లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చి నేర్చుకున్నాను.

పదకొండు గంటలకు బెజవాడలో, ఛాయాదేవి మేనమామగారింట్లో, ఆ అమ్మాయికి పెళ్ళిచూపులు. అబ్బాయివాళ్ళకు అక్కడ పెద్ద బట్టల కొట్టు ఉంది. ఆ ప్రయాణం నాకు ఇష్టం లేదు. అలాగని ఇంజను చెడగొట్టే మనిషిని కాను.

"నీళ్ళు పొయ్యి. పక్కనే కాలువుందిగా" అన్నారాయన.

"ఇప్పుడు చన్నీళ్ళు పోస్తే ఇంజను పగులుతుందండి. చల్లారనివ్వాలి."

"అక్కడ పదకొండు దాటితే వర్జ్యం."

"తెలుసండి."

బానెట్టు ఎత్తాను. ఫ్యాను బెల్టు బిగువుగానే ఉంది. ఎక్కడా నీళ్ళు కారిన తడి లేదు. కాసేపాగి, కండువా చుట్టి రేడియేటరు మూత తిప్పాను. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. మరి ఎందుకు కాగింది? చేత్తో తడిమి చూశాను. రేడియేటరు పైభాగం చెయ్యి పెట్టనివ్వడం లేదు. కింద మాత్రం కుండలా చల్లగా ఉంది.

అంటే నీళ్ళు కిందికి దిగడం లేదు. లోపలి సన్నగొట్టాలకు ఏదో అడ్డం పడింది.

ఈ మాట నేనే ఎవరికో చెప్పినట్టు గుర్తొచ్చింది. మొన్న గురువారం కారు తుడుస్తుంటే ఛాయాదేవి గుమ్మంలో నిలబడి అడిగింది.

"బీయస్సీగారూ, కారు ఎప్పుడు ఆగిపోతుంది?"

"చాలా కారణాలుంటాయండి."

"ఎవరికీ దెబ్బ తగలకుండా, మెల్లిగా ఆగేది చెప్పండి."

నేను ఉత్సాహంగా రేడియేటరు గురించి పావుగంట పాఠం చెప్పాను. గొట్టాలు పూడుకుపోతే ఇంజను కాగిపోతుందని బొమ్మ గీసి మరీ చూపించాను. ఎందుకు అడుగుతోందో అడగాలని తోచలేదు. "మీకు ఇంజను సంగతి తప్ప ఏదీ అర్థం కాదు" అని లోపలికి వెళ్ళిపోయింది. మంచి విద్యార్థిని అనుకున్నాను.

వంగి కిందున్న బిరడా విప్పాను. చుక్క రాలేదు. తీగ పెట్టి పొడిచాను. తెల్లగా, జిగటగా, ముద్దలు ముద్దలుగా జారింది.

నాకు వాసన చూడక్కర్లేదు. నేతకు ముందు పడుగు దారాలకు పెట్టే గంజి.

తలెత్తాను. ఛాయాదేవి కారు దిగి నా ఎదురుగా నిలబడింది. మొహం పాలిపోయింది. కళ్ళు మాత్రం నన్ను బతిమాలడం లేదు. నేనేం చేస్తానో చూద్దామన్నట్టు నిలకడగా ఉన్నాయి.

"ఏమిటది?" అంటూ వెంకటసుబ్బారావుగారు వచ్చారు.

"గంజండి. పొద్దున నీళ్ళు పోసింది నేనే. చీకట్లో బిందె మారిందేమో. తప్పు నాదేనండి."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు.

"మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పెరిగినవాడివి. గంజికీ నీళ్ళకీ తేడా తెలియక పోశావా?"

ఆ అబద్ధం ఇంకెవరైనా చెబితే నడిచేదేమో. మా వీధిలో పాకే పిల్లలకు కూడా ఆ తేడా తెలుసు.

భద్రమ్మగారు దిగి వచ్చి, కాస్త గంజి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసింది.

"మన ఇంటిదే" అంది. "పిల్ల చేతిది. ఎన్నిసార్లు చెప్పినా పలచగానే కలుపుతుంది. నా చేతి గంజైతే కారు గుమ్మమే దాటేది కాదు. ఇది పలచగా బయల్దేరింది, దారంతా ఇంజను కాచి చిక్కబరిచింది."

"ఛాయా" అన్నారాయన.

"నేనే పోశాను నాన్నా. ఈయనకు తెలియదు."

"ఎందుకు?"

"బెజవాడ వెళ్ళకూడదని."

"నోటితో చెప్పొచ్చుగా?"

"మూడుసార్లు చెప్పాను. మీరు నూలు పర్మిట్ల కాగితాలు చూస్తూ ఊఁ అన్నారు."

"అన్నావు. నేను విన్నాను" అంది భద్రమ్మగారు.

ఆయన కాలువ కేసి తిరిగారు. "ఆ అబ్బాయికేం లోటు?"

"ఏ లోటూ లేదు. కాకపోతే నాకు నచ్చిన మనిషి మన కారు నడుపుతున్నాడు. ఏడాదిగా నడుపుతూనే ఉన్నాడు. రోడ్డు తప్ప ఇటు చూడడు."

ఆయన నా వైపు తిరిగారు.

"ఏరా మార్కండేయులూ, నువ్వేమైనా చెప్పాలా?"

చెప్పాలి. కానీ మా నాన్న కళ్ళముందు మెదిలాడు. ఊళ్ళో నూలు దొరకడమే గగనంగా ఉంది. ఈయనకు కోపమొస్తే మా మగ్గం ఆగిపోతుంది. నలుగురి పొట్టలు.

"ముందు కారు బాగుచేస్తానండి. తర్వాత చెబుతాను."

"అదీ నయమే" అన్నారాయన.

రోడ్డుకు అవతల చెరుకు గానుగ దగ్గర బెల్లం వండుతున్నారు. అక్కడి పున్నమ్మ అనే ఆవిడ పొయ్యి మీదున్న వేణ్ణీళ్ళు రెండు బిందెలిచ్చింది. "పెళ్ళివారా?" అని అడిగింది. అవునో కాదో నాకే తెలియదు. ఇంజను వెచ్చగా ఉండగానే ఆ నీళ్ళు పోసి, కాసేపు నడిపి, కింద వదిలేశాను. ముద్దలు వచ్చాయి. మళ్ళీ పోశాను. తెల్లనీళ్ళు వచ్చాయి. ఛాయాదేవి చెంగు దోపుకుని బిందె అందిస్తోంది.

"కోపమా?" అని మెల్లిగా అడిగింది.

"పాఠం చెప్పింది నేనేగా."

"కోపమా అని అడిగాను."

"లేదు. పావుగంట చెప్పాను, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పారు."

ఆ అమ్మాయి నవ్వాపుకోబోయి సగం బిందె నా కాళ్ళ మీద ఒలకబోసింది.

నాలుగోసారి నీళ్ళు తేటగా వచ్చాయి. బిరడా బిగించి, కాలువ నీళ్ళు వడగట్టి నింపి, పది నిమిషాలు ఇంజను తిరగనిచ్చాను. చెయ్యి పెట్టి చూశాను. వెంకటసుబ్బారావుగారు దగ్గరికొచ్చారు.

"ఇప్పుడు చెప్పు."

"పైనా కిందా ఒకే వేడి ఉందండి."

"వాడు అడిగింది కారు సంగతి కాదురా అబ్బాయ్" అంది భద్రమ్మగారు.

నేను చేతులు తుడుచుకున్నాను. "మా నాన్న మీ నూలు మీద బతుకుతున్నాడండి. అందుకే రోడ్డు తప్ప ఇటు చూడలేదు. ఛాయాదేవిగారంటే నాకు ఇష్టం. మీరు కాదంటే, ఇప్పుడే బెజవాడ తీసుకెళతాను. బెజవాడ దాకా ఇక కారు ఆగదు. ఆ పూచీ నాది."

ఆయన రేడియేటరు మీద అరచెయ్యి ఆనించి చూశారు. పైన ఒకసారి, కింద ఒకసారి.

"మీ నాన్న నేత మంచిదని నూలిస్తున్నాను. నా కూతురు విషయం ఎటు తిరిగినా ఆ నూలు ఆగదు. అది ముందు తెలుసుకో."

నేను బానెట్టు దించాను.

దూరంగా బెజవాడ బస్సు వస్తోంది. ఆయన కండువా దులిపి చెయ్యి అడ్డం పెట్టారు.

"అబ్బాయివాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళి నిజం చెబుతాను. మనకోసం ఎదురుచూసేవాళ్ళకు కబురు పంపితే బాగుండదు. నువ్వు కారు వెనక్కి తిప్పు."

"గంజి సంగతి కూడా చెబుతారా నాన్నా?" అంది ఛాయాదేవి.

"అది వింటే వాళ్ళే తప్పించుకున్నామనుకుంటారు." బస్సు మెట్టు మీద కాలు పెట్టి నా వైపు తిరిగారు. "రేపు పొద్దున మీ నాన్నని ఇంట్లో ఉండమను. మా ఇంటికి రమ్మనడం కాదు. నేనే వస్తాను."

బస్సు కదిలింది. భద్రమ్మగారు వెనక సీటంతా కాళ్ళు చాపుకుంది. "నాకు చోటు చాలడం లేదు. ముందుకెళ్ళి కూర్చో" అంది మనవరాలితో, కళ్ళు మూసుకుంటూ.

పెడన చేరేదాకా మూడుచోట్ల ఆపి రేడియేటరు తడిమి చూశాను. మూడుసార్లూ అంతా బాగానే ఉంది. నాలుగోసారి ఆపితే ఛాయాదేవి, "ఈసారి దేనికి?" అంది.

"ఇటు చూడటానికి" అన్నాను.

ఇప్పటికీ మా ఇంట్లో గంజి కాచేటప్పుడు ఛాయాదేవి నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వదు. "మీరు దూరంగా ఉండండి. నీళ్ళనుకుంటారు" అంటుంది.